ఏడో బోరులో మంచు

మే 2, శుక్రవారం

ఈ నోటుబుక్కు మా అమ్మాయి జీవితది, ఆరో క్లాసు సైన్సుది. ముందు పదహారు పేజీల్లో దాని తమిళ రాత, బొమ్మలు ఉన్నాయి. మిగిలినదంతా ఖాళీ. తెలుగులో రాస్తే ఇంట్లో ఎవరూ చదవలేరు. జీవితకు తెలుగు మాట్లాడడమే వచ్చు, మామకు తమిళ అక్షరాలు తప్ప రావు. ఎనిమిదో క్లాసు దాకా తెలుగు మీడియం చదివినందుకు ఇన్నేళ్లకు ఒక ఉపయోగం కనిపించింది.

దానికి అపెండిక్స్ ఆపరేషనై పది రోజులు. జీవిత ఇవాళ రెండు ఇడ్లీలు తినింది. మూడోది అడిగి, వద్దంది.

నేను పనిచేసే అంబత్తూరు షెడ్డుకు ఇరవై రెండు రాళ్ల పెట్టెలు వచ్చాయి. శ్రీపెరుంబుదూరు దాటాక ఎక్కడో పద్నాలుగు అంతస్తుల అపార్ట్‌మెంట్లు కడతారట. ఆ స్థలంలో నేల ఎంత గట్టిదో చూడడానికి తొమ్మిది బోర్లు వేశారు. వేసింది మామ నడిపే రిగ్గే. మిషను కింద నుంచి గుండ్రంగా కోసి తెచ్చే రాళ్లను కడిగి, లోతు రాసి, ఫోటో తీసే పని నాది. పదకొండేళ్లుగా చేస్తున్నాను. అమ్మ తమ్ముణ్ణి చేసుకున్నాను కాబట్టి పెళ్లయినా మామ అనే పిలుపు మారలేదు. షెడ్డులో అందరూ నవ్వుతారు.

ఏడో బోరు పెట్టె కడుగుతుంటే ఒకటి కనిపించింది. పంతొమ్మిది మీటర్ల దగ్గర గులాబీ రంగు రాయి మొదలైంది. మీటరున్నర పైచిలుకు ఉంది. దాని అడుగు ముక్కకు మట్టి అంటుకుని ఉంది, ఆకుపచ్చగా, సబ్బులాగా జారుతూ. రాయి పైన మట్టి ఉండడం మామూలే. రాయి కింద మట్టి ఎందుకుంటుంది? కొంచెం గీకి కాగితంలో చుట్టి బ్యాగులో పెట్టుకున్నాను.

ఆ తర్వాత వరుసల్లో ఉన్నదంతా నీలం కలిసిన నల్లరాయి. గులాబీది కాదు. సర్దేటప్పుడు ఏదో కలిసిపోయి ఉంటుంది. ఎండలో పని, మనిషన్నాక పొరపాటు జరుగుతుంది.

మే 3, శనివారం

అన్నం పెట్టేటప్పుడు, "ఏడో బోరులో రెండు రకాల రాయి ఉండాదే మామా," అన్నాను. "రసం చల్లారిపోయింది, వేడి చెయ్యి," అన్నాడు.

రసం పొగలు కక్కుతూనే ఉంది.

మే 8, గురువారం

గురువారాలు రంగనాథం సారు వచ్చే రోజు. కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. నెల్లూరు మనిషి, నలభై ఏళ్లుగా ఇక్కడే. మా రిపోర్టులన్నీ ఆయన చూసి సంతకం చేస్తేనే బయటికి పోతాయి. షెడ్డులో తెలుగు వినిపించేది ఆ ఒక్క పూటే కాబట్టి నాకూ గురువారమంటే ఇష్టం.

గులాబీ రాయి మొదటి ముక్కను తువ్వాలులో చుట్టి తీసుకెళ్లాను. పెట్టె బరువు, అందుకే మొత్తం తీసుకెళ్లలేదు.

"సార్, దీని నెత్తిన చూడండి. దువ్వెనతో దువ్వినట్టుండాది."

ఆయన జేబులోంచి భూతద్దం తీశాడు. రాయిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఎక్కడిదమ్మా?"

"ఏడో బోరు. పంతొమ్మిది మీటర్ల కాడ."

"ఈ గీతలు మిషను గీసినవి కావు. మిషనైతే గుండ్రంగా గీస్తాది. ఇవి తిన్నగా, ఒకదాని పక్కన ఒకటి పోయినాయి చూడు. ఇవి మంచు గీసిన గీతలు."

నాకు నవ్వొచ్చింది. రేకుల షెడ్డు, బయట నలభై ఒక్క డిగ్రీలు. ఫ్యాను తిరిగితే వేడిగాలి మొహానికి కొడుతోంది.

"మంచా సార్? మెడ్రాసులోనా?"

"మెడ్రాసు ఈడ లేనప్పుడు."

"మరి ఏడ ఉండేది?"

"దక్షిణ ధ్రువానికి దగ్గర. మనమూ, అంటార్కిటికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా అంతా ఒకే ముద్ద. ముప్పై కోట్ల ఏళ్ల కిందటి మాట. ఆ ముద్ద మీద మైళ్ల కొద్దీ మంచు. అది ఊరికే కూర్చోదమ్మా, జారతాది. జారతా రాళ్లను పీకి కడుపులో పెట్టుకుంటాది, ఒకదానితో ఒకటి రాపిడి చేస్తాది. కరిగినప్పుడు ఆడ వదిలేసి పోతాది."

నా చేతిలోని రాయి బరువు ఒక్కసారిగా మారినట్టయింది. పదకొండేళ్లలో ఎన్ని వేల రాళ్లు కడిగాను! ఇది గట్టిదా, పగుళ్లున్నదా అనే చూశాను. ఎక్కడి నుంచి వచ్చావని ఒక్కదాన్నీ అడగలేదు.

"ఇంకా ఉండాయా ఇట్టాంటివి?" అని అడిగాడు. చూసి చెప్తానన్నాను.

మే 9, శుక్రవారం

కత్తిరి ఎండ, ఏడాదిలోకెల్లా మండే రోజులు. రెండుసార్లు కరెంటు పోయింది. నేను మంచు గురించే ఆలోచిస్తున్నాను.

మే 11, ఆదివారం

జీవితను మంచం మీద ఊరికే కూర్చోబెట్టడం కష్టంగా ఉంది. అందుకని ఇద్దరం కలిసి మంచు చేశాం. నిన్న టిఫిన్ డబ్బాలో ఇసుక, మట్టి, చిన్న రాళ్లు వేసి, నీళ్లు పోసి, ఫ్రీజరులో పెట్టాం. ఇవాళ ఆ గడ్డను తీసి బట్టల సబ్బు మీద నొక్కి లాగాం. సబ్బు మీద గీతలు పడ్డాయి! తిన్నగా, ఒకదాని పక్కన ఒకటి.

"అమ్మా, సూపర్‌మా! ఇంకొక వాట్టి," ఇంకోసారి అంటూ జీవిత మళ్లీ మళ్లీ లాగింది. సబ్బు సగమైంది. పోనీ.

తర్వాత గడ్డను పళ్లెంలో పెట్టాం. ఎండకు పావుగంటలో కరిగింది. మట్టి పరుచుకుంది. రాళ్లు ఆ మట్టిలో అక్కడక్కడా కూర్చున్నాయి. కొన్ని పైన, కొన్ని సగం మునిగి.

"అయితే మంచు వదిలిన రాయికి కింద మట్టే ఉంటాది కదమ్మా," అంది జీవిత.

మామ గడపలో నిలబడి చూస్తున్నాడని అప్పుడే గమనించాను. పళ్లెం వైపు చూశాడు, నా వైపు చూశాడు. బండికి పెట్రోలు పోయించుకొస్తానని వెళ్లాడు. నిన్న మాధవరం బస్టాండు దగ్గర ఇద్దరం ఉన్నప్పుడే పోయించాడు. నేనే పొరపడి ఉంటాను.

మంచు ఉన్నప్పుడు మన ఊళ్లో పెంగ్విన్లు ఉండేవా అని సారును అడగమంది జీవిత.

మే 15, గురువారం

పెంగ్విన్లు లేవు. అప్పటికి పక్షులే లేవట.

ఇవాళ అదే ఏడో బోరులో పద్నాలుగు మీటర్ల దగ్గర దొరికిన ముక్క తీసుకెళ్లాను. లేత రంగు మట్టిరాయి. చీలిస్తే మధ్యలో ఆకు అచ్చు, ఈనెలతో సహా. సారు సంతోషం చూడాలి. టీ చల్లారిపోయినా పట్టించుకోలేదు.

"నువ్వు పై నుంచి కిందికి చదువుతావు కదా. నేను కింద నుంచి చెప్తా విను. అడుగున మంచు. ఆ తర్వాత ఈ ముద్ద మెల్లగా ధ్రువానికి దూరంగా జరిగింది, మంచు కరిగింది. గాలిలో బొగ్గుపులుసు వాయువు కూడా పెరిగింది, రెండూ కలిసి వేడెక్కించినాయి. నీ ఆకు దగ్గరికి వచ్చేసరికి పన్నెండు కోట్ల ఏళ్ల కిందటికి వచ్చినాం. తేమ, అడవి. అప్పుడే మనకూ అంటార్కిటికాకూ మధ్య చీలిక పడింది. ఆ చీలికలోకి సముద్రం వచ్చింది."

"ఏ సముద్రం సార్?"

"నువ్వు మెరీనాలో కాళ్లు తడుపుకునేదే."

నేను రాయడం ఆపేశాను. మెరీనా ఒడ్డున నిలబడి చూస్తే కనిపించే నీళ్ల చోట ఒకప్పుడు నేల ఉండేదా? ఆ నేలే ఇప్పుడు అంటార్కిటికా అయి మంచు కింద ఉందా?

"అయితే సార్, ఆ సముద్రం లేనప్పుడు మనకు దీపావళికి పడే ఐప్పసి వాన ఏడనుంచి వచ్చేది?"

సారు భూతద్దం కింద పెట్టాడు. "రేయ్ కామేశం, విన్నావా నీ వాసంతి ఏమడిగిందో," అని లోపల గదిలోని మా యజమానికి వినిపించేలా అరిచాడు. తర్వాత నాతో అన్నాడు. "వచ్చేది కాదమ్మా. ఈశాన్యం నుంచి వచ్చేది నేల మీది పొడిగాలి. బంగాళాఖాతం మీద నీళ్లు తాగి వచ్చి మన నెత్తిన పోస్తాది. సముద్రం లేకుంటే ఆ వాన లేదు. అదొక్కటే చాలదు. మనం ఉత్తరానికి ఈదుకుంటా పోయి ఆసియాను గుద్దినాం. హిమాలయాలు లేచినాయి. చలిగాలికి అవి గోడ. ఎండాకాలం ఆ పక్క ఎత్తునేల కాగి గాలిని లాగతాది. వానాకాలం, ఎండాకాలం అని ఇంత గట్టిగా విడిపోయింది ఆ తర్వాతే. నీ పెట్టెల్లో అన్నిటికంటే పైన ఉండే ఎర్రమట్టి ఉంది చూడు, అది బాగా తడిసి, బాగా ఎండి, మళ్లీ తడిసి తయారైంది."

ఇంత కథనూ ఇరవై మీటర్ల లోపలే చదవొచ్చట. నేను రోజూ బ్రష్షుతో కడిగి నీళ్లలో వదిలేది ఇదే.

వెళ్లేటప్పుడు సారు అడిగాడు. "గీతల రాయి కింద ఏముందమ్మా?"

"రాయే సార్. ఇరవై నాలుగు మీటర్ల దాకా."

"మట్టి ఏమీ అంటుకోలేదా?"

"లేదు సార్. కడిగేసినాను."

లేదన్నాను, మళ్లీ కడిగేశానన్నాను. రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయి? సారు నా మొహం చూశాడు. ఆ రాయి విడి బండ కాక, పునాది నిలిపే అడుగురాయే అయితే ఇరవై ఆరున రిపోర్టు పంపేస్తానన్నాడు.

మట్టి పొట్లం బ్యాగులోనే ఉంది.

మే 16, శుక్రవారం

రాయి తగిలాక ఇంకో ఐదు మీటర్లు రాతిలోనే వెళ్లాలి. అప్పుడే అది అడుగురాయి అని నమ్ముతారు. ఆ ఐదు మీటర్లకు మా రిగ్గుకు ఒక రోజు పడుతుంది.

ఏడో బోరు రికార్డులో రాయి కోసిన తేదీ ఏప్రిల్ 22, జీవిత ఆపరేషను రోజు. నా ఫోనులో చూశాను. ఆ రోజు పొద్దున పదకొండూ యాభై రెండుకు ఒకసారి, పన్నెండూ ఐదుకు మరోసారి మామకు ఫోన్ చేశాను. రెండుకల్లా మామ ఆస్పత్రిలో ఉన్నాడు, చొక్కా నిండా మట్టితో.

అదే నీలం నల్లరాయి ఉన్న మూడో బోరు పెట్టె తెరిచాను. రికార్డు ప్రకారం నీలిరాయి ఎనిమిది మీటర్లు ఉండాలి. నాలుగు మీటర్ల అరవై ఉంది. టేపు మూడుసార్లు పెట్టి చూశాను.

మే 17, శనివారం

ఏమీ రాయను.

మే 18, ఆదివారం

జీవిత పక్కింటికి టీవీ చూడడానికి వెళ్లింది. మామ మిద్దె మీద నీళ్ల ట్యాంకు కడుగుతున్నాడు. పైకి వెళ్లి మట్టి పొట్లం విప్పి ముందు పెట్టాను.

చూసి, చీపురు పక్కన పెట్టాడు.

"నీకు ముందే తెలుసు కదా," అన్నాడు.

"తెలీదు."

"తెలుసు. రసం పోసేటప్పుడే తెలుసు."

"మామా, ఎందుకట్ట చేసినావు?"

"నువ్వే కదా మేయ్ రమ్మనింది! బిడ్డ మెలికలు తిరగతా ఉండాది, ఎట్టున్నవాడివి అట్టే రా అన్నావు. రెండు తూర్లు చేసినావు. రాయి తగిలింది, మీటరున్నర పోయినాను, గట్టిగానే ఉండింది. తర్వాత మెత్తగా దిగింది. పచ్చనీళ్లు వచ్చినాయి. నిలిపేసినాను. మర్నాడు మిషను ఇంకో సైటుకు పోవాల. మూడో బోరులో రాయి నిండుగా ఉండాది, దాంట్లోది..." మళ్లీ చీపురు అందుకున్నాడు.

నేను కోపంతో పైకెక్కాను. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. రమ్మన్నది నేనే. ఇప్పుడైనా మళ్లీ రమ్మనే అంటాను. ఆపరేషను గది బయట ఆయన చెయ్యి పట్టుకునే కూర్చున్నాను. ఆ చేతికి ఈ పచ్చమట్టే అంటుకుని ఉండేదేమో, నేను చూడలేదు.

"పని మధ్యలో వచ్చేసినానని చెప్పుంటే కామేశం సారు ఏమనేవాడు?" అన్నాను.

"ఏమో. భయమేసింది. పదిహేనేళ్లలో ఒక్క బోరు సగంలో వదల్లేదు నేను."

మే 19, సోమవారం

మంచు కరిగిన ఆ పళ్లెంలోని మట్టి ఎండిపోయింది. నీళ్లు చల్లి, రాయిని మళ్లీ పెట్టి, పైన రోకలి నిలబెట్టాను. కాసేపు నిలబడింది. తర్వాత వంగింది.

"సాఞ్జిడుచ్చుమా," అంది జీవిత. అవును, ఒరిగిపోయింది.

ఏడో బోరు ఉన్న మూలలో లేచేది ఒక టవరు. ఒక్కో అంతస్తుకు నాలుగు ఇళ్లని ప్లానులో ఉంది.

మే 20, మంగళవారం

పొద్దున టీ ఇస్తూ చెప్పాను.

"గురువారం సారు వస్తాడు. నేను చెప్పేస్తాను మామా. అంతకు ముందు నువ్వు చెప్తే, నువ్వు చెప్పినట్టు."

"పని పోతాది."

"పోనీ."

"నీది కూడా పోతాది. మూడు వారాలు మట్టి బ్యాగులో పెట్టుకుని తిరిగినావు."

అది నేను లెక్కలోకి తీసుకోలేదు. "పోనీ," అని మళ్లీ అన్నాను.

మే 21, బుధవారం

మామ సైటుకు పోయాడు. క్యారియరు నేనే కట్టిచ్చాను.

మే 22, గురువారం

పదకొండున్నరకు షెడ్డు ముందు మామ బండి ఆగింది. గురువారం ఆయన ఇక్కడికి రావలసిన పని లేదు. తలకు నీళ్లు పోసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆ చొక్కా ఎప్పుడు ఇస్త్రీ చేయించాడో నాకు తెలియదు.

సారు, కామేశం సారు, నేను ఉన్నాం. మామ కూర్చోలేదు. ఏప్రిల్ 22న ఏం జరిగిందో మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. నేను ఫోన్ చేసిన సంగతి చెప్పలేదు. బిడ్డకు బాగాలేక వెళ్లిపోయానని మాత్రం చెప్పాడు.

"రమ్మని పిలిచింది నేనే సార్," అన్నాను. పొట్లం టేబులు మీద పెట్టాను. "ఇది మే రెండు నుంచి నా దగ్గరే ఉండాది."

కామేశం సారు మామనే చూస్తూ, "ఇంకెన్ని బోర్లు ఇట్ట చేసినావు?" అన్నాడు.

"ఇదొక్కటే సార్."

"నమ్మేదెట్ట?"

ఇంట్లో పదమూడేళ్లుగా కలిసి ఉన్న మనిషిని బయటివాళ్లు ఎలా నమ్మాలో నాకు తెలియలేదు.

సారు మాత్రం పొట్లం విప్పి, మట్టిని వేళ్ల మధ్య నలిపి, వాసన చూశాడు. "ఇది మంచు నూరిన పిండి," అన్నాడు మెల్లగా. తర్వాత తలెత్తి, "విజయకుమార్, ఆ పచ్చనీళ్లు ఎంత లోతులో వచ్చినాయో గుర్తుందా?" అని అడిగాడు.

"ఇరవై మీటర్ల అరవై సార్," అన్నాడు మామ. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

మే 24, శనివారం

రెండు రోజులుగా సారూ నేనూ మిగిలిన ఎనిమిది బోర్ల పెట్టెలన్నీ మళ్లీ కొలిచాం. మూడో దాంట్లో తగ్గినంతే ఏడో దాంట్లో ఎక్కువ ఉంది. మిగతావన్నీ సరిగ్గా ఉన్నాయి.

రిపోర్టు ఆగింది. ఏడో బోరు మళ్లీ వేస్తారు. రిగ్గు మేస్త్రి ఇక చిన్నతంబి. పన్నెండేళ్లు మామ కింద రాడ్లు మోసిన మనిషి. మామ ఇప్పుడు అతని కింద రాడ్లు మోస్తాడు, ఒప్పుకుంటేనే. మామ ఒప్పుకున్నాడు. నన్ను తీసేయలేదు కానీ, కామేశం సారు నాతో మాట్లాడడం మానేశాడు. ఏదైనా చెప్పాలంటే కాగితం మీద రాసి పంపుతున్నాడు.

మే 27, మంగళవారం

మొదటిసారి సైటుకు వెళ్లాను. లోతులు నేనే రాయాలని సారు పట్టుబట్టాడు. ఇన్నేళ్లు పెట్టెలే చూశాను, మిషను రాయిని కోసే చప్పుడు ఇంత పెద్దదని తెలియదు. మాట వినాలంటే చెవి దగ్గరికి వెళ్లాలి.

పాత బోరుకు రెండు మీటర్ల పక్కన వేశారు. పంతొమ్మిది మీటర్ల ఇరవై దగ్గర గులాబీ రాయి. కోసేటప్పుడు గొట్టం నుంచి పైకి వచ్చే నీళ్లు బూడిద రంగులో ఉన్నాయి. గంటన్నర అలాగే. చప్పుడు మారింది. నీళ్లు పచ్చబడ్డాయి.

మామ రెంచి కింద పడేసి, ఆ నీళ్ల కింద దోసిలి పట్టాడు. నన్ను రమ్మని తల ఊపాడు. ఇద్దరి చేతుల్లోనూ నిండింది. చల్లగా ఉంటుందనుకున్నాను. గోరువెచ్చగా ఉంది.

"ముప్పై కోట్లా?" అని చెవిలో అరిచాడు. నేనెప్పుడు చెప్పానో గుర్తులేదు. జీవిత చెప్పి ఉంటుంది.

సాయంత్రానికి ఇరవై ఏడు మీటర్లు. ఇంకో రాయి తగిలింది. చిన్నతంబి మిషను వేగం తగ్గించి, అలవాటుగా మామ వైపు చూశాడు. "అణ్ణే, ఇదానా?" ఇదేనా అని. అడిగాక తాను మేస్త్రి అని గుర్తొచ్చినట్టు సిగ్గుపడ్డాడు.

"ఇల్ల తంబి," కాదన్నాడు మామ. "విడు, పోనీ."

అది అరవై సెంటీమీటర్లే. దాని కింద మళ్లీ పచ్చమట్టి.

మే 28, బుధవారం

ముప్పై ఆరు. ఇంకో మూడు రాళ్లు. ఒకదాని మీద గీతలున్నాయి. సారుకు ఫోటో పంపితే, బదులుగా నాలుగు ఆశ్చర్యార్థకాలు వచ్చాయి.

ఇంత లావు మంచు కరగడానికి ఎన్నేళ్లు పట్టి ఉంటుందని మామ భోజనాల దగ్గర అడిగాడు. నాకు తెలియదన్నాను. రేపు సారును అడుగుదామన్నాడు.

మే 29, గురువారం

నలభై ఒక్క మీటర్ల ముప్పై దగ్గర నీలిరాయి తగిలింది. చప్పుడు సన్నగా, ఒకే తీరుగా మారింది. చిన్నతంబి చెమట తుడుచుకున్నాడు. నేను లోతు రాశాను.

"ఇంకా ఐదు మీటర్లు పోవాల," అన్నాను.

"తెలుసు," అన్నాడు మామ. తరువాతి రాడ్డు భుజానికెత్తుకున్నాడు.